మా పెద్దమ్మది ఏ తరం?

మొన్న ఆదివారం మా అమ్మాయి హాల్లో చాప వేసుకుని, దానిమీద తెల్ల చార్టు పరుచుకుని, స్కేలూ పెన్సిలూ రబ్బరూ చుట్టూ పేర్చుకుని కూర్చుంది. తొమ్మిదో తరగతి చదువుతోంది. బళ్ళో వంశవృక్షం గీసుకు రమ్మన్నారట. నాలుగు మెట్లుగా గీయాలి. ఒక్కో మెట్టు మీద ఒక్కో తరం వాళ్ళు, పక్కన ఆ తరం పేరు.

"తరానికి పేరేమిటే? పేర్లు మనుషులకి కదా ఉండేది" అన్నాను వంటింట్లోంచి.

"అబ్బా అమ్మా! నేను జెన్ జీ. నువ్వు మిలీనియల్. అమ్మమ్మ జెన్ ఎక్స్. అందరికీ ఉంటాయి" అంది, ఆమాత్రం తెలీదా అన్నట్టు.

కులం, గోత్రం, నక్షత్రం, బ్లడ్ గ్రూపు అన్నీ అయ్యాయి, ఇదొకటి తక్కువైంది అనుకుంటూ పోపులో పడ్డాను. పది నిమిషాలకి మళ్ళీ కేక. "అమ్మా, పెద్ద అమ్మమ్మని ఏ మెట్టు మీద వెయ్యను?"

పెద్ద అమ్మమ్మ అంటే మా పెద్దమ్మ, మా అమ్మకి సొంత అక్క. స్టవ్ కట్టేసి హాల్లోకి వచ్చాను. ఎందుకంటే ఆ ప్రశ్నకి మా ఇంట్లో నలభయ్యేళ్ళుగా ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

ముందు ఈ పేర్ల సంగతి చూద్దాం. ఇవి మన దగ్గర పుట్టినవి కావు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో సైనికులు ఇళ్ళకి తిరిగొచ్చి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. 1946 నుంచి అక్కడ పిల్లలు పుట్టడం ఒక్కసారిగా పెరిగింది. 1964 దాకా ఆ ఊపు తగ్గలేదు. ఆ పంతొమ్మిదేళ్ళలో ఏడున్నర కోట్ల పైచిలుకు పిల్లలు పుట్టారు. వాళ్ళకి బేబీ బూమర్లని పేరు. జనాభా లెక్కలో నిజంగానే ఒక పొంగూ, ఆ తర్వాత ఒక తగ్గుదలా ఉన్నాయి కాబట్టి ఆ గీతకి ఒక అర్థముంది. తర్వాతి పేర్లకి అంత గట్టి పునాది లేదనే చెప్పాలి. కెనడా రచయిత డగ్లస్ కూప్‌లాండ్ 1991లో రాసిన నవల పేరు పుణ్యమా అని జెన్ ఎక్స్ అనే మాట జనంలో పడింది. మిలీనియల్ అనే మాట అదే ఏడాది అమెరికాలో స్ట్రాస్, హోవ్ అనే ఇద్దరు రాసిన పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది. 2018లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సంస్థ 1981 నుంచి 1996 దాకా పుట్టినవాళ్ళు మిలీనియల్స్, 1997 నుంచి కొత్త తరం అని గీత గీసింది. అక్కడే ఎందుకు గీశారయ్యా అంటే, వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి 2001 సెప్టెంబర్ 11 నాటి దాడులు. 1996లో పుట్టినవాళ్ళకి అప్పటికి ఐదేళ్ళు నిండుతాయి, గుర్తుంటుంది అని.

నేను 1987లో పుట్టాను. ఆ దాడులు టీవీలో చూశాను. కానీ న్యూయార్కులో జరిగినదాన్ని బట్టి గుంటూరు జిల్లా ఆడపిల్లల తరాలు విడదీస్తామంటే నవ్వు రాదూ? కట్టెల పొయ్యి ఊదినవాళ్ళు, ఊదనివాళ్ళు అని విడదీయండి, ఒప్పుకుంటాను. 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల్లోని ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలయ్యాక మా అమ్మమ్మ ఊళ్ళో పొగ తెలియని వంటిళ్ళు కనిపించాయి. అక్కడ పుట్టిన ఆడపిల్లకి అది పెద్ద గీతే.

పోనీ ఆ గీతలు గీసినవాళ్ళయినా ఒక మాట మీద ఉన్నారా అంటే అదీ లేదు. మా అమ్మాయి 2011లో పుట్టింది. ప్యూ వాళ్ళ లెక్కలో జెన్ జీ. ఆల్ఫా అనే పేరు పెట్టిన ఆస్ట్రేలియా పరిశోధకుడు మెక్‌క్రిండిల్ లెక్కలో 2010 నుంచే ఆల్ఫా. "నేను ఆల్ఫా కాదు, వాళ్ళు చిన్నపిల్లలు" అని ఇది దెబ్బలాడుతుంది. ఇలా ఏళ్ళ లెక్కన మనుషులకి ముద్రలు వేయొద్దని 2021లో అమెరికాలోని సమాజ శాస్త్రవేత్తలు చాలామంది సంతకాలు చేసి ప్యూ వాళ్ళకే ఉత్తరం రాశారు. 2023లో ఆ సంస్థ కూడా ఇకపై ఈ పేర్లు వాడటంలో జాగ్రత్తగా ఉంటామని ప్రకటించింది. అసలు ఈ విషయం మీద 1928లోనే కార్ల్ మాన్‌హైమ్ అనే పండితుడు పెద్ద వ్యాసం రాశాడు. ఒకే ఏడు పుట్టినంత మాత్రాన ఒకే తరం కారు, ఒకే మార్పు ఇద్దరి బతుకులనీ తాకాలి అంటాడాయన. పట్నంలో కుర్రవాళ్ళని ఊపేసిన సంగతులు మారుమూల రైతు బిడ్డని తాకకపోతే ఇద్దరూ ఈడువాళ్ళే గాని ఒక తరం వాళ్ళు కారన్నమాట. ఈ మాట నాకు నచ్చింది. కానీ ఆయన కూడా మా ఇంటి ఆడవాళ్ళని చూడలేదు పాపం.

చార్టు దగ్గరికి వస్తాను. పెద్దమ్మ 1964 నవంబరులో పుట్టింది, అమ్మ 1967లో. అమెరికా లెక్క ప్రకారం చూస్తే పెద్దమ్మ బూమర్లలో ఆఖరి ఏడాది, అమ్మ జెన్ ఎక్స్. మన దగ్గర ఆ రోజుల్లో తల్లికి సగటున ఆరుగురికి దగ్గరగా పిల్లలు. 1964 తర్వాత కూడా చాలా ఏళ్ళు ఇంచుమించు అంతే. పొంగూ లేదు, తగ్గుదలా లేదు. ఒకరు విడిచిన పరికిణీ ఇంకొకరు కట్టుకుని పెరిగిన అక్కాచెల్లెళ్ళ మధ్య గీత గీయడానికి ఏ ఆధారమూ లేదు. మా అమ్మాయికి అడ్డుపడింది మాత్రం పుట్టిన ఏళ్ళు కాదు. పెళ్ళి.

పెద్దమ్మని మేనమామకిచ్చి చేశారు. మా అమ్మమ్మకి అందరికంటే ఆఖరి తమ్ముడాయన. తొమ్మిది మంది సంతానంలో తొమ్మిదోవాడు. పిల్ల కళ్ళముందే ఉంటుంది, ఆస్తి గడప దాటదు, కట్నాల బాధ ఉండదు. ఇంకేం కావాలి? ఇప్పుడు ఇలాంటి పెళ్ళిళ్ళు బాగా తగ్గాయి గాని, ఆ రోజుల్లో ఇది ఇంటింటి ముచ్చట. 1955 నాటి హిందూ వివాహ చట్టం మేనమామకీ మేనకోడలికీ పెళ్ళి కూడదనే అంటుంది. కాకపోతే ఆచారం ఉంటే అభ్యంతరం లేదంటుంది. ఆచారం మా ఇంట్లో పుష్కలంగా ఉంది మరి. అదే చట్టం తరాలు ఎలా లెక్కపెట్టాలో కూడా చెప్పింది. మనిషిని మొదటి తరంగా పెట్టుకుని, తండ్రి వైపు పైకి ఐదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు చూడమంది. తల్లి వైపు రెండు తరాలు తక్కువేమిటో! అమ్మలు అంత త్వరగా దూరమైపోతారు కాబోలు.

సరే, పెళ్ళయింది. ఇక చూడండి వింత. పెద్దమ్మకి నిన్నటి దాకా అమ్మమ్మ అయినావిడ అత్తగారయింది. కన్నతల్లి ఆడపడుచు అయింది, వదిన అనాలి. కన్నతండ్రి వరసకి అన్నగారు. తోడబుట్టిన చెల్లెలు, అంటే మా అమ్మ, భర్తకి మేనకోడలు కాబట్టి అక్కని అత్తయ్యా అని పిలవాలి. ఇదంతా విని మా అమ్మాయి పెన్సిలు కింద పెట్టేసింది.

తర్వాత 1988లో పెద్దమ్మకి కొడుకు పుట్టాడు. నాకంటే ఏడాది చిన్న. పెద్దమ్మ కొడుకుగా నాకు తమ్ముడు. వాళ్ళ నాన్న వైపు నుంచి లెక్కేస్తే మా అమ్మకి మేనమామ కొడుకు, అంటే నాకు బాబాయి వరస. చిన్నప్పుడు గోళీలాటలో వాడు ఓడిపోయినప్పుడల్లా "నేను నీకు బాబాయిని, ఇచ్చెయ్" అని గోళీలు లాక్కునేవాడు.

వరసలు ఇలా రెండు దారుల్లో పోతున్నప్పుడు ఏది నిలవాలో ఎవరు తేల్చేవారు? మా ఇంట్లో అమ్మమ్మ వాళ్ళమ్మ. మేం తాతమ్మ అనేవాళ్ళం. పుట్టింటి వరస పుట్టింట్లో, అత్తింటి వరస అత్తింట్లో అని ఆవిడ తీర్పు. వినడానికి ఎంత బాగుందో! రెండూ ఒకే కుటుంబమైతే ఏ గుమ్మం దగ్గర ఏ వరస మొదలవుతుందో ఆవిడా చెప్పలేదు, పెద్దమ్మా అడగలేదు.

అత్తింట్లో పెద్దమ్మ చిన్న కోడలు. కానీ పెద్ద బావగారికి అప్పటికే మనవలు. 1986లో ఆ ఇంటి మనవడొకడు పుట్టేసరికి పెద్దమ్మకి ఇరవై రెండేళ్ళు నిండలేదు, అప్పుడే చిన్న నాయనమ్మ అయిపోయింది. అదే ఏడాది మే నెలలో మా అమ్మ పెళ్ళి. అమ్మని బయటి సంబంధానికి ఇచ్చారు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకొచ్చేది మేనమామే కదా. అలా తీసుకొచ్చినాయన పెద్దమ్మ భర్త. మేనమామ గారి పట్టుచీర పెట్టింది పెద్దమ్మ. ఫోటో ఉంది మా దగ్గర. అమ్మ పక్కన ఓణీల పిల్లలు, స్నేహితురాళ్ళు పళ్ళికిలిస్తూ నిలబడ్డారు. వాళ్ళ ఈడుదే పెద్దమ్మ. ఆవిడ మాత్రం వెనక వరుసలో పెద్ద ముత్తయిదువుల మధ్య, తల మీంచి కొంగు సర్దుకుని, గంభీరంగా కూర్చుని ఉంది. చెల్లెలి పెళ్ళిలో చెల్లెల్ని ఆటపట్టించే భాగ్యం కూడా ఆవిడకి లేకపోయింది.

"పూలచీరలు ఎందుకు మానేశావు పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను. "జడగంటలు వేసుకున్న పిల్లలు నాయనమ్మా అంటుంటే ఎట్టా కట్టుకోనే, సిగ్గుపడిచచ్చా" అంది. పాతికేళ్ళకే ముదురు రంగు నేతచీరలు, నున్నటి ముడి. ఇవాళ అరవై దాటింది, ఇప్పుడు కాస్త లేత రంగులు కడుతోంది. ఆవిడ వయసు మిగతావాళ్ళందరి వయసులా ముందుకి నడవలేదేమో అనిపిస్తుంది నాకు.

మగవాళ్ళకి ఈ బాధ లేదు. తద్దినం నాడు తండ్రి, తాత, ముత్తాత అని తిన్నగా మూడు మెట్లు ఎక్కుతారు. పెదనాన్న మేనకోడల్ని చేసుకున్నా ఆయన మెట్టు ఆయనకి అలాగే ఉంది. కదిలింది ఆవిడే.

ఇంతవరకూ అయితే నవ్వుకునే సంగతే. నవ్వలేనిది ఇంకొకటి ఉంది.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, 1998లో పోయారు. పన్నెండు ఎకరాల పొలం, అంతా పిత్రార్జితం. వారసులు అమ్మమ్మ, కొడుకు, ఇద్దరు కూతుళ్ళు. మర్నాడు ఏడాది పంపకాలకి ప్లీడరు గారి దగ్గర కూర్చున్నారు. ఆయన తెల్ల కాగితం మీద వంశవృక్షం గీశారు. ఆ కాగితం తర్వాత మా అమ్మ ట్రంకుపెట్టెలో చూశాను. మావయ్య పేరు కింద ఏమీ రాయలేదు. అక్కాచెల్లెళ్ళ పేర్ల కింద పెళ్ళి తేదీలు రాసి, ఎర్ర సిరాతో సున్నాలు చుట్టారు. పెద్దమ్మది 1985 ఫిబ్రవరి. అమ్మది 1986 మే.

ఎందుకంటే, హిందూ వారసత్వ చట్టానికి అప్పట్లో ఆంధ్రప్రదేశ్ ఒక సవరణ తెచ్చింది. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజులవి. పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు. దేశమంతటా ఆ మాట రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది, ఆ ఘనత ఒప్పుకోవాల్సిందే. కానీ అది 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క, ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి అది వర్తించదు. పెద్దమ్మ పెళ్ళి దానికి ఏడు నెలల ముందు అయింది.

ప్లీడరు గారు లెక్క కట్టారు. పొలం ముందు తాతయ్యకీ, మావయ్యకీ, అమ్మకీ మూడు సమాన వాటాలు, నాలుగేసి ఎకరాలు. ఇందులో పెద్దమ్మ లేదు. తాతయ్య వాటా నాలుగెకరాలు భార్యకీ ముగ్గురు పిల్లలకీ తలా ఎకరం. అంటే మావయ్యకి ఐదు, అమ్మకి ఐదు, అమ్మమ్మకి ఒకటి, పెద్దమ్మకి ఒకటి. ఒకే తల్లి బిడ్డలు, పదిహేను నెలల తేడాలో పెళ్ళిళ్ళు, ఒకరికి ఐదు, ఒకరికి ఒకటి. ఆస్తి గడప దాటకూడదని చేసిన పెళ్ళి ఎలా తిరిగొచ్చిందో చూశారా?

అమ్మ తన వాటాలో మూడెకరాలు తీసుకుని, పుట్టింటి రాకపోకలు ఉండాలి కదా అని రెండు మావయ్యకే వదిలేసింది. ఆ మాటకొస్తే చాలామంది ఆడవాళ్ళు మొత్తానికే సంతకం పెట్టేసేవారు. తన దాంట్లోంచి ఒక ఎకరం అక్కకి ఇస్తానంది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నాకూ పుట్టిల్లే అది. నువ్వు దానమిస్తే పుచ్చుకోవడానికి నేనేమన్నా పేరంటానికి వచ్చానా?" అంది. రెండేళ్ళు అక్కాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. ఇద్దరిలో ఎవరిది తప్పంటారు? నాకు ఇప్పటికీ తెలీదు.

2004లో అమ్మ ఎకరంన్నర అమ్మి నన్ను హాస్టల్లో పెట్టి డిగ్రీ చదివించింది. పెద్దమ్మ కూతురు, నాకంటే మూడేళ్ళు చిన్నది, నాకంటే తెలివైంది, ఇంటరుతో ఆగిపోయింది. పొలం ఒక్కటే కారణమని అనను. ఆ ఇంట్లో ఇంకా సవాలక్ష ఉన్నాయి. కానీ అది నన్ను "నీకేమే, డిగ్రీ చదివావు" అన్నప్పుడల్లా ఆ ఎర్ర సున్నాలు గుర్తొస్తాయి. అమెరికా లెక్కలో మేమిద్దరం మిలీనియల్సే మరి.

2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటికీ కొత్త సవరణ వచ్చింది. పెళ్ళయిందా లేదా, ఎప్పుడయింది అన్నది దాంట్లో లేదు. కూతురైతే చాలు, పిత్రార్జితంలో కొడుకుతో సమానం. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం కూడా లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ తీర్పు పేపర్లో చదివి పెద్దమ్మ కత్తిరించి దాచుకుంది. కరోనా తగ్గాక ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి తెనాలి వెళ్ళి ఒక ప్లీడరుకి చూపించింది. ఆయన కాగితం చదివి, "మీ పంపకాలు ఎప్పుడయ్యాయమ్మా?" అన్నారట. 1999లో రిజిస్టరయ్యాయి అంది. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకాలని ఈ చట్టం కదపదు. ఆయన ఆ పేపరు ముక్కని మళ్ళీ మడతపెట్టి ఆవిడ చేతికే ఇచ్చారు. ఈ సంగతి పెద్దమ్మ నాకొక్కదానికే చెప్పింది, మొన్న సంక్రాంతికి అరిసెలు వత్తుతూ. ఈ వ్యాసం రాయమన్నదీ ఆవిడే. మీ ఇళ్ళల్లో పంపకాలు నోటిమాటగా జరిగి, రిజిస్టరు కాకుండా ఉండిపోయిన అక్కాచెల్లెళ్ళుంటే, కాగితాలు తీసుకుని ఒకసారి తెలిసినవాళ్ళకి చూపించుకోండి.

చార్టు మాట మరిచాను. చివరికి పెద్దమ్మకే ఫోన్ చేశాం.

"పెద్ద అమ్మమ్మా, నిన్ను ఏ మెట్టు మీద వెయ్యను?" అంది మా అమ్మాయి.

"ఎన్ని మెట్లున్నాయే?"

"నాలుగు."

"మీ అమ్మమ్మని ఎక్కడేశావు?"

"కింద నుంచి మూడో మెట్టు."

కాసేపు అవతల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"దాని పక్కన చోటుందా?"

"ఉంది."

"అయితే అక్కడెయ్యి. పెళ్ళికి ముందు మేమిద్దరం ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం."

"మరి పెద్ద తాతయ్యో? ఆయన పై మెట్టు కదా?"

"ఆయన్ని అక్కడే ఉండనీ. దిగిరమ్మంటే మోకాళ్ళ నొప్పులంటారు" అని నవ్వేసింది.

మా అమ్మాయి స్కేలు పక్కన పెట్టేసి, పై మెట్టు నుంచి మూడో మెట్టు మీద పెద్దమ్మ గడి దాకా చేత్తో ఏటవాలుగా గీత గీసింది. అది కొంచెం వంకర పోయింది గాని చెరపలేదు. ఆ మెట్టు పక్కన తరం పేరు మాత్రం ఇంకా రాయలేదు. బుధవారం లోపల ఇవ్వాలట.